విండోస్‌ని ఉంచుకునే లినక్స్ వేసుకున్నాను: ఒక డీటీపీ ఆపరేటర్ అనుభవం

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే డీటీపీ చేస్తాను. చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు, పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరిదో పీహెచ్‌డీ థీసిస్. ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. 2017లో కొన్నది, ఇంటెల్ ఐ5 ఏడో తరం, 8 జీబీ ర్యామ్. 2021లో పాత హార్డ్ డిస్క్ తీయించి 480 జీబీ ఎస్ఎస్‌డీ వేయించాక పరుగులు పెడుతోంది. నా పనికి దానిలో ఏ లోటూ లేదు. అయినా దాన్ని మార్చెయ్యమని దానంతట అదే చెప్పడం మొదలుపెట్టింది.

2025 సెప్టెంబర్ చివర్లో తెర నిండా ఒక నోటీసు వచ్చింది. విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోతుంది, 11కి మారండి అని. మారదామని చూస్తే మీ సిస్టమ్ పనికిరాదు అంది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి మాత్రమేనట. ఒక్క తరం తేడాతో నాది బయట పడింది. 2026 అక్టోబర్ 13 వరకు ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది కానీ దానికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. సరే, అయ్యాననుకోండి. ఏడాది తర్వాత మళ్లీ ఇదే గొడవ.

అక్టోబర్ 8న గవర్నర్‌పేటలో నాకు అలవాటైన సర్వీసు షాపుకి వెళ్లాను. కుర్రాడు తలెత్తకుండానే, "కొత్తది తీసుకోండి మేడం, నలభై ఎనిమిది వేల్లో మంచిది ఉంది" అన్నాడు. విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తారా అని అడిగితే, "అది సర్వర్లకి మేడం, మీకెందుకు?" అన్నాడు. గట్టిగా అడిగితే డ్యూయల్ బూట్‌కి, అంటే రెండూ ఒకే సిస్టమ్‌లో పెట్టడానికి, పదిహేను వందలు అవుతుంది, డేటా పోతే మాకు సంబంధం లేదు అన్నాడు. డేటా పోతే సంబంధం లేని పనికి పదిహేను వందలెందుకని ఇంటికొచ్చేశాను.

12వ తేదీ ఆదివారం మా అక్క కొడుకు భోజనానికి వచ్చాడు. బీటెక్ మూడో సంవత్సరం. వాడు చేసిన మేలు లినక్స్ వెయ్యడం కాదు, దాన్ని నేనే వేసుకున్నాను. వాడు ఒక ప్రశ్న అడిగాడు. "పిన్నీ, నువ్వు రోజూ చేసే పనుల్లో విండోస్ లేకపోతే ఆగిపోయేవి ఏవి?" ఏ లినక్స్ బాగుంటుందని నేను అడుగుతుంటే వాడు ముందు ఇది తేల్చమన్నాడు. ఆ సాయంత్రం ప్రూఫు కాగితం వెనక రాసుకుంటూ కూర్చున్నాను.

ఆగిపోయేది ఒకటే. పేజీలు కట్టే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో, 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లతో చేసే పని. ఈ ఊళ్లో ప్రెస్సులతో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పాత ప్రచురణకర్తలు పునర్ముద్రణ అంటే పదిహేనేళ్ల కిందటి పేజ్‌మేకర్ ఫైలే ఇస్తారు. అందులో ఉన్నది ఇప్పుడు అన్నిచోట్లా చెల్లే యూనికోడ్ కాదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, పుస్తకం మొత్తం మళ్లీ ప్రూఫు చదవాలి. ఆ చదివే డబ్బులు ఎవరిస్తారు? లినక్స్‌లో వైన్ అనే దాంతో విండోస్ ప్రోగ్రాములు నడపొచ్చంటారు. గడువు నెత్తిమీద ఉన్న పని పెట్టుకుని నేను ఆ ప్రయోగం జోలికి పోలేదు.

మిగతావన్నీ, అంటే మెయిలు, వాట్సాప్‌లో వచ్చే మేటరు, బ్యాంకు పని, యూనికోడ్ టైపింగు, పీడీఎఫ్ ప్రూఫులు, విండోస్ లేకపోయినా జరిగేవే. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. విండోస్ తప్పనిసరి అయిన పనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ కావలసిన పనికి విండోస్ అక్కర్లేదు. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌ని నెట్‌కి తగిలించకుండా పేజ్‌మేకర్ కోసం ఉంచుకుని, నెట్ పనంతా లినక్స్‌లో చేసుకుంటే సరిపోతుంది కదా! నాకు కొత్త ల్యాప్‌టాప్ ఖర్చు తప్పింది ఆ ఆలోచన వల్లే.

ఇక ఎంపిక. బీసెంట్ రోడ్డులో 32 జీబీ పెన్‌డ్రైవ్ నాలుగు వందలకి కొన్నాను. మావాడు దానిలో వెంటాయ్ అనేది వేశాడు. అది వేశాక ఐఎస్ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ చేసే సిస్టమ్ మొత్తం ఉండేవి) ఎన్నయినా ఊరికే కాపీ చేసి పెట్టుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. లినక్స్‌లో రకాలైన ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22.2 దించుకున్నాను. ఉబుంటు దాదాపు 6 జీబీ, మింట్ 3 జీబీ లోపు. ఇంకో రకం, జోరిన్ 18, సరిగ్గా అక్టోబర్ 14నే వచ్చింది, విండోస్ 10 సపోర్టు ఆగిపోయిన రోజునే. అదీ దించాను.

ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడొచ్చన్న సంగతి నాకు అంతకుముందు తెలీదు. డిస్క్‌లో ఏమీ మారదు. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే విండోస్ ఎప్పటిలా వస్తుంది. కాకపోతే నిదానంగా నడుస్తుంది, ఆ వేగం చూసి నిరుత్సాహపడకండి.

యూట్యూబ్‌లో లినక్స్ గురించి చెప్పేవాళ్లంతా తెర అందం గురించి మాట్లాడతారు. నేను నా పనితోనే పరీక్ష పెట్టాను. మూడింటిలోనూ తెలుగు పీడీఎఫ్‌లు తెరిచాను. వర్డ్ లాంటి లిబ్రె ఆఫీస్‌లో జ్యోత్స్న, రాష్ట్రం, స్త్రీ లాంటి మాటలు పెట్టి సైజు 72కి పెంచి ఒత్తులు చూశాను. మూడింటిలోనూ సరిగ్గానే వచ్చాయి. అక్కడ తేడా లేదని తేలాక నాకు మిగిలింది అలవాటు. ఉబుంటులో ప్రోగ్రాములు ఎడమ పక్కన నిలువుగా ఉంటాయి, చెయ్యి తిరగలేదు. జోరిన్ చూడ్డానికి బాగుంది గానీ అప్పుడే విడుదలైంది కదా, కొత్త సరుకు మొదటి నెలలోనే నేనెందుకు మొయ్యాలి? మింట్‌లో కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. ఉబుంటు 24.04 పునాది మీదే కట్టారు, 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. మింట్‌లోనే సినమన్ అనే రకం తీసుకున్నాను. మావాడు, "ఏది వేసినా నీకు ఆర్నెల్లకి ఒకటేలా అనిపిస్తుంది పిన్నీ" అన్నాడు. అది నిజమేననిపిస్తోంది. మొదటిసారి వేసుకునేవాళ్లు ఎంపిక దగ్గర వారాలు తగలెయ్యకండి, అసలు తలనొప్పి వేరే చోట ఉంది.

అది 19వ తేదీ ఆదివారం ఎదురైంది. నా ఎస్ఎస్‌డీలో సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు. మూడోదైన 'ఈ' (E) డ్రైవులో సగానికి పైగా ఖాళీ. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఈ' డ్రైవుని 100 జీబీ కుదించాను, నిమిషంలో అయిపోయింది. పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి మింట్ ఇన్‌స్టాలర్ తెరిచి చూస్తే ఆ 100 జీబీ ఎదురుగా 'అన్‌యూజబుల్' అని ఉంది. ఖాళీ చోటు కళ్ల ముందు కనిపిస్తోంది, దాన్ని వాడలేవు అంటోంది. ఇన్‌స్టాలర్ మూసేసి మావాడికి ఫోన్ చేశాను.

కారణం ఇదీ. 2021లో ఎస్ఎస్‌డీ వేసిన షాపువాళ్లు విండోస్‌ని పాత లెగసీ పద్ధతిలో ఆన్ అయ్యేలా, ఎంబీఆర్ (డిస్క్‌ని విభజించే పాత పద్ధతి) డిస్క్ మీద ఎక్కించారు. ల్యాప్‌టాప్‌లో కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతి ఉన్నా సరే. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు, అంటే అసలు విభాగాలు, నాలుగుకి మించి ఉండకూడదు. సీ, డీ, ఈ మూడూ ప్రైమరీలే. వాటికి తోడు కంటికి కనపడని 'సిస్టమ్ రిజర్వ్‌డ్' అని 500 ఎంబీది ఒకటి. నాలుగు కోటాలూ అయిపోయాయి. ఇక ఎంత చోటు ఖాళీ చేసినా అయిదోది పుట్టదు.

మన ఊళ్లల్లో షాపుల్లో ఫార్మాట్ కొట్టించిన పాత సిస్టమ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయని తర్వాత తెలిసింది. మీదెలా ఉందో చూసుకోవడం తేలిక. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ అన్న వరసలో లెగసీ అనో యూఈఎఫ్‌ఐ అనో ఉంటుంది. లెగసీ అని ఉంటే వెంటనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్లు లెక్కపెట్టుకోండి. ఇలా నాలుగూ నిండిపోయినప్పుడు ఆ ఖాళీలో విండోస్ నుంచే కొత్త డ్రైవు చేద్దామని చూస్తే, డిస్క్‌ని డైనమిక్‌గా మారుస్తాను, సరేనా అని అడుగుతుంది. నన్నూ అడిగింది. ఫోన్లో మావాడు అరిచినంత పని చేశాడు, "ఎస్ కొట్టకు పిన్నీ, కొట్టకు!" అని. డైనమిక్ చేస్తే లినక్స్ ఇన్‌స్టాలర్‌కి ఆ డిస్క్‌ని వాడుకోవడం కుదరదట.

ఎంబీఆర్‌ని జీపీటీగా (డిస్క్ విభజనకి కొత్త పద్ధతి) మార్చే పరికరం విండోస్ 10లోనే ఉంది. అయితే అదీ మూడు ప్రైమరీలు దాటితే ఒప్పుకోదు. ఎటు చూసినా 'ఈ' డ్రైవు పోవాల్సిందే. అది పోయాక లెగసీని లెగసీగానే వదిలేసి, ఆ చోట లాజికల్ పార్టిషన్ (నాలుగో కోటా లోపల చేసే ఉపవిభాగం) చేసి లినక్స్ పెట్టుకుందామని నిర్ణయించుకున్నాం. నడుస్తున్న విండోస్‌ని కదపడం నాకు ఇష్టం లేదు.

'ఈ' డ్రైవులో నా పాత పనులన్నీ ఉన్నాయి. ఓ 70 జీబీ. 2024 సెప్టెంబర్ మొదటి తేదీన బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నాకు తెలిసిన డీటీపీ ఆవిడ ఇంట్లో కంప్యూటర్ టేబులు మునిగిపోయింది. సిస్టమ్ పోతే కొనుక్కుంది గానీ ఫైళ్లు రాలేదు. పాత కస్టమర్ ఫోన్ చేసి "మన పుస్తకం ఫైలు ఉందా అమ్మా?" అని అడిగినప్పుడల్లా ఆవిడ మొహం ఎలా అయిపోయేదో చూశాను. ఆవిడ గుర్తుకొస్తే డిలీట్ అన్న మాట వైపు చెయ్యి పోలేదు.

కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నాలుగున్నర, అయిదు వేలు చెప్పారు. కొనబోయేముందు మావారు అల్మారా పైనుంచి ఒక కవరు దింపారు. 2021లో తీసేసిన పాత 1 టీబీ డిస్క్, ఇన్నాళ్లూ అక్కడే ఉంది. దానికి యూఎస్‌బీ కేసింగ్ ఏలూరు రోడ్డులో నాలుగు వందల యాభై. స్క్రూలు కూడా లేవు, జార్చి మూత వెయ్యడమే. మీరు కూడా ఎస్ఎస్‌డీ వేయించి ఉంటే ముందు ఆ పాత డిస్క్ ఎక్కడుందో వెతుక్కోండి.

దీపావళి వెళ్లాక 23వ తేదీ సాయంత్రం 6కి కాపీ పెట్టాను. పెద్ద ఫైళ్లయితే తొందరగా అయ్యేది, నావి వేలకొద్దీ చిన్న ఫైళ్లు. 8 దాటాక పూర్తయింది. రెండు వైపులా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫైళ్ల సంఖ్య, సైజు సరిచూశాను. అది చాలదని కేసింగ్‌లోని డిస్క్ నుంచే పాత పేజ్‌మేకర్ ఫైళ్లు అక్కడక్కడా తెరిచి చూశాను. జరుగుతున్న పనులు మాత్రం గూగుల్ డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాను, ఊరికే ఇచ్చే 15 జీబీలో సరిపోయాయి.

26 ఆదివారం వేద్దామనుకున్నాను. అప్పటికే మొంథా తుపాను వార్తలు. నా బ్యాటరీ ఇరవై నిమిషాలకు మించి ఆగదు. పార్టిషన్లు రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసి వాయిదా వేశాను. 28 రాత్రి తుపాను తీరం దాటింది. ఆ రెండు రోజులూ ల్యాప్‌టాప్ ఆపేసి, సంచిలో చుట్టి బీరువాలో పెట్టాను.

నవంబర్ 2, ఆదివారం. పొద్దున్నే వంట ముగించి కూర్చున్నాను. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఈ' డ్రైవు మీద రైట్ క్లిక్, డిలీట్ వాల్యూమ్. దీనిలోని డేటా అంతా పోతుంది, సరేనా అంది. కాపీ ఉందని తెలుసు, సరిచూశాను కూడా. అయినా ఎస్ నొక్కడానికి లేచి మంచినీళ్లు తాగి రావాల్సి వచ్చింది. నొక్కాక అర సెకను పట్టలేదు. 'ఈ' డ్రైవు ఉన్నచోట నల్ల గీతతో 176 జీబీ ఖాళీ.

రీస్టార్ట్, ఎఫ్12 (దేనితో ఆన్ కావాలో ఎంచుకునే కీ), పెన్‌డ్రైవ్, మింట్. ఈసారి ఇన్‌స్టాలర్లో ఆ చోటు 'ఫ్రీ స్పేస్' అని వచ్చింది. విండోస్ పక్కన పెట్టు అనే సులువైన దారి కూడా చూపిస్తుంది. నేను మాత్రం 'సంథింగ్ ఎల్స్' ఎంచుకున్నాను, ఏ గదిలో ఏం పెడుతున్నానో నా కళ్లతో చూసుకోవాలని. ఫ్రీ స్పేస్ మీద ప్లస్ గుర్తు నొక్కి, రకం లాజికల్, ఫార్మాట్ ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ దగ్గర వాలు గీత (/) ఒక్కటే. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) కోసం వేరే పార్టిషన్ అక్కర్లేదు, దానికదే ఫైలుగా చేసుకుంటుంది. కింద బూట్ లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాము) ఎక్కడ పెట్టాలి అనే పెట్టె ఒకటుంటుంది, అందరూ చూడకుండా దాటేసేది అదే. అందులో ఎస్ఎస్‌డీ పేరు ఉందా, పెన్‌డ్రైవ్ పేరు ఉందా చూసుకోవాలి. పెన్‌డ్రైవ్ మీద పడితే, అది తీసేశాక లినక్స్ రాదు.

అక్కణ్ణుంచి ఊరు, పేరు, పాస్‌వర్డ్. టైమ్ జోన్ కోల్‌కతా అని చూపిస్తుంది, మనది అదే. పాతిక నిమిషాల్లో అయిపోయింది. ఇన్ని రోజుల హడావిడి ఈ పాతిక నిమిషాల కోసమా అనిపించింది. పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ కొట్టమంది. నల్లటి తెర మీద గ్రబ్ అనే ఆ బూట్ లోడర్ మెనూ వచ్చింది, పైన మింట్, కింద విండోస్ 10. పది సెకన్లు ఆగి ఏమీ నొక్కకపోతే మింట్‌లోకి వెళ్తుంది. నేను మాత్రం ముందు విండోస్‌లోకే వెళ్లి పేజ్‌మేకర్ తెరిచి చూసుకున్నాను. తెరుచుకుంది. అప్పుడు మావారికి చెప్పాను, అన్నం వడ్డించుకుందాం అని.

మధ్యాహ్నం మింట్‌లోకి వస్తే వైఫై గుర్తు లేదు. నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించాలి? ఇక్కడ ఫోన్ కాపాడింది. ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేసింది, ఏమీ వెయ్యక్కర్లేదు. మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫై చిప్‌కి తగ్గ డ్రైవర్ చూపించింది. ఇన్‌స్టాల్, రీస్టార్ట్, వైఫై వచ్చింది. తర్వాత అప్‌డేట్లు ఓ ముప్పావు గంట. అవి జరుగుతుండగానే నా పని చేసుకోనిచ్చింది, అది నాకు వింతగా అనిపించింది. విండోస్‌లో ఆ నీలం తెర ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం అలవాటైన ప్రాణం కదా.

నన్ను నిజంగా భయపెట్టిన విషయం తెలుగు టైపింగు. నా వేళ్లు అనులో యాపిల్ లేఅవుట్‌కి (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరిక) అలవాటు పడ్డాయి. ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ నేర్చుకోమన్నవాళ్లు ఉన్నారు. ఇన్నేళ్ల వేళ్ల అలవాటు ఇప్పుడు మార్చుకోవడం నా వల్ల కాదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్లో ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసి, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాను. తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఇంకా కొన్ని. వాటి మధ్యలో యాపిల్! కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి మావారికి చెప్పాను. ఆయనకి అందులో అంత సంతోషం ఏముందో అర్థం కాలేదు. ఒకటి రెండు కీలు నా అలవాటుకి తేడాగా ఉన్నాయి, వారంలో సర్దుకున్నాయి. టైపు చేసేది యూనికోడ్ కాబట్టి అదే మేటరు మెయిల్లోనూ పనికొస్తుంది, వాట్సాప్‌లోనూ పనికొస్తుంది.

ఫాంట్ల విషయంలో కూడా మేలు జరిగింది. తెలుగువిజయం పేరుతో ఒకే ప్యాకేజీ ఉంది. అది వేస్తే మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, తిమ్మన లాంటివి గుత్తగా వచ్చేస్తాయి. అవే ఫాంట్లు విండోస్ వైపు కూడా వేసుకోండి. ఒక థీసిస్ వర్డ్ ఫైలు లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే పేజీలు పెరిగిపోయి విషయసూచిక అంతా తప్పింది. అందులో వాడిన విండోస్ ఫాంటు ఇక్కడ లేక, దాని బదులు ఇంకోటి పెట్టుకుంది. అప్పటినుంచి ఎవరిదైనా వర్డ్ ఫైలు వస్తే ముందు ఫాంటు ఏమిటో చూస్తున్నాను. పేజీల లెక్క ముఖ్యమైతే పీడీఎఫ్ కూడా పంపమంటున్నాను.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి ముందూ వెనకా పెళ్లి కార్డుల పని ముమ్మరం. అప్పుడు రెండు చిక్కులు బయటపడ్డాయి. మింట్ నుంచి డీ డ్రైవు తెరుచుకుంటోంది, ఫైళ్లు చదువుతోంది, సేవ్ మాత్రం చెయ్యనివ్వడం లేదు. విండోస్‌ని షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదట. ఫాస్ట్ స్టార్టప్ పేరుతో సగం నిద్రలో ఉంటుందట. ఆ స్థితిలో డ్రైవు మీద రాస్తే పాడవుతుందని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. విండోస్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేశాక సరిపోయింది. డ్యూయల్ బూట్ వేసుకునేవాళ్లు ఇది ఇన్‌స్టాల్‌కి ముందే చెయ్యాలి.

రెండోది గడియారం. తెల్లవారుజామున 5 గంటలకి విండోస్‌లో సేవ్ చేసిన కార్డు ఫైలు ముందురోజు తేదీతో, రాత్రి పదకొండున్నరతో కనిపించింది. నిద్రమత్తేమో అనుకున్నాను. గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంది. ల్యాప్‌టాప్ లోపలి గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ టైముకి పెడుతుంది. విండోస్ దాన్నే మన టైము అనుకుని చూపిస్తుంది. నెట్‌కి తగిలిస్తే విండోస్ సరిచేసుకునేదే, నేనేమో దానికి నెట్ కట్ చేశాను. లోపలి గడియారాన్ని స్థానిక టైములోనే ఉంచు అని లినక్స్‌కి టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఒక్క లైను చెబితే చాలు. ఇన్ని రోజుల్లో నేను టెర్మినల్ తెరిచిన సందర్భాలు చాలా తక్కువ, అందులో ఇదొకటి.

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల దగ్గర మాత్రం పండగే. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి షార్ట్‌కట్ వైరస్ తెలుసు. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫైళ్లన్నీ మాయమై షార్ట్‌కట్లు మిగులుతాయి, దాని మీద క్లిక్ చేస్తే మన సిస్టమ్‌కి అంటుకుంటుంది. ఇప్పుడు ఎవరు ఏది తెచ్చినా ముందు మింట్‌లోనే పెడతాను. ఆ వైరస్ ఇక్కడ నడవదు. విండోస్‌లో దాచిపెట్టిన అసలు ఫోల్డరు ఇక్కడ మామూలుగానే కనిపిస్తుంది. కావలసిన ఫైలు డీ డ్రైవులోకి తీసుకుని, మిగతాది చెరిపి ఇచ్చేస్తున్నాను. కరపత్రం పని మీద వచ్చిన ఒకాయన, "మీ దగ్గర పెడితే నా పెన్‌డ్రైవ్ బాగైందండీ" అని ఇంకో రెండు పెన్‌డ్రైవ్‌లు తెచ్చారు.

పెన్‌డ్రైవ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మింట్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద పీడీఎఫ్ కాపీ చేస్తే గీత చివరిదాకా వెళ్లి అయిపోయినట్టు కనిపిస్తుంది. ఎజెక్ట్ నొక్కితే తెలుస్తుంది, ఇంకా రాస్తూనే ఉంటుంది. తియ్యొచ్చు అని చెప్పేదాకా ఆగాలి. ప్రెస్సుకి ఫైలు పంపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నా పాత లేజర్ ప్రింటర్ మింట్‌లో పని చెయ్యడం లేదు. దాని కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ ఎప్పటిదో, మావాడు కుస్తీ పట్టి వదిలేశాడు. కాబట్టి ప్రూఫు కాగితం మీద కావాలంటే పీడీఎఫ్‌ని డీ డ్రైవులో పెట్టి, రీస్టార్ట్ చేసి, విండోస్‌లోంచి ప్రింటు తీస్తున్నాను. రెండు నిమిషాల పని. అయినా ఎదురుగా కస్టమర్ కూర్చుని ఉంటే ఆ రెండు నిమిషాలు చాలా పెద్దవి. ప్రూఫు చూసే రచయితల్లో పీడీఎఫ్ మీదే గుర్తులు పెట్టడానికి ఒప్పుకున్నవాళ్లు తక్కువ, చాలామందికి ఎర్ర ఇంకు పెన్ను పట్టుకుంటే గానీ తప్పు కనపడదు.

జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం కదా, డిసెంబర్ అంతా ప్రచురణకర్తల తొందర. ఆ నెలలో రెండు వైపులా పని చేశాను. పొద్దున విండోస్‌లో పేజీలు కట్టడం, మధ్యాహ్నం నుంచి మింట్‌లో టైపింగు, మెయిళ్లు. ముందు అటూ ఇటూ మారడం విసుగ్గా ఉండేది. పని కట్టలు కట్టుకుని చేయడం అలవాటయ్యాక విసుగు తగ్గింది. ఇంకా చెప్పాలంటే విండోస్‌లో ఉన్నంతసేపూ నెట్ లేదు కాబట్టి వాట్సాప్ టింగుమనదు, పేజీలు తొందరగా తెములుతున్నాయి. కొత్త పుస్తకం యూనికోడ్‌లోనే చేద్దామని ఒక ప్రచురణకర్తని ఒప్పించి పేజ్‌మేకర్ లాంటి స్క్రైబస్‌లో మొదలుపెట్టాను. ఒత్తులు బాగానే వస్తున్నాయి, పేజ్‌మేకర్ వేగం మాత్రం నా చేతికి ఇంకా రాలేదు.

మొత్తం ఖర్చు పెన్‌డ్రైవ్‌కి నాలుగు వందలు, కేసింగ్‌కి నాలుగు వందల యాభై. మీది నాకంటే కొత్త ల్యాప్‌టాప్ అయితే లెగసీ గొడవ ఉండకపోవచ్చు. దాని బదులు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండొచ్చు. అలా ఉంటే పార్టిషన్ ముట్టుకునే ముందే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఆ 48 అంకెలూ. ఆ కాగితం ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి.